అంగడిలో హాజరు

మొన్న పొద్దున పేపరు విప్పగానే అందులోంచి ఒక రంగుల కాగితం జారి ఒళ్ళో పడింది. మా చంద్రపూర్ బాబుపేట్‌లో ఇది మామూలే, ఒకనాడు చీరల దుకాణం, ఇంకోనాడు మోకాళ్ళ నొప్పుల డాక్టరు, పేపరు కంటే ఈ కాగితాలే బరువుగా ఉంటాయి. ఈసారి వచ్చింది కొత్త బడి గురించి. జివతి వైపు గుట్టల మీద పెట్టారట, తరగతికి పిల్లలు తక్కువట, ప్రతి పిల్లా గురువుగారికి పేరుపేరునా తెలుసట, గాలి మంచిదట, అప్పుడప్పుడూ పాఠాలు చెట్ల కింద కూడా జరుగుతాయట, అందుకోసం చంద్రపూర్ నుంచి రోజూ బస్సు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుందట. చదివి నవ్వాను. నవ్వితే చేతిలో చాయ్ ఒలికింది, కోడలు వచ్చి ఏమైందని అడిగింది, ఏమీ కాలేదు, నేను చదివిన బడినే మళ్ళీ కనిపెట్టారు అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే రాష్ట్రాలు చీలి కలిసిన ఆ రోజుల దాకా పోవాలి, అది మీలాంటి నా ఈడు వాళ్ళకు చెప్తేనే బాగుంటుంది.

మా అమ్మగారి ఊరు రాజురా తాలూకా గుట్టల మీద ఉండేది. మా నాన్నది కూడా ఆ ఊరే, అంటే మేనరికపు సంబంధం, అందువల్ల నాకు పుట్టిల్లూ అమ్మమ్మగారిల్లూ ఒకే వీధిలో, ఒకింట్లో తిట్లు పడితే ఇంకో ఇంట్లో అన్నం తినేదాన్ని. ఊళ్ళో సగం తెలుగు కాపు కుటుంబాలు, కొన్ని మరాఠీ ఇళ్ళు, కాస్త ఎడంగా గోండుల గూడెం. నాలుగో తరగతి వరకు సర్కారు బడి ఉండేది, అంటే ఒక పంతులు వచ్చినప్పుడు ఉండేది. ఆ పైన చదవాలంటే గుట్ట దిగి, వాగు దాటి, రాజురాలో ఎవరింట్లోనో ఉండి చదవాలి. మగపిల్లల్లో ఒకరిద్దరు అట్లా పోయేవారు. ఆడపిల్లకు ఆ మాటే లేదు.

పై తరగతుల బడి పెట్టింది మా మేనమామ. ఆయన నిజాం కాలంలో ఉర్దూలో మెట్రిక్ దాకా చదివాడు. చదువులో గట్టివాడు, కోపంలో ఇంకా గట్టివాడు. కచేరీ వాళ్ళు పంపిన ఉర్దూ హుకుమ్‌నామాలు గడగడా చదివి ఊరికంతటికీ చెప్పేవాడు గానీ, తన పేరు తెలుగులో రాసుకోవడం పెళ్ళయిన తర్వాత నేర్చుకున్నాడు. ఆ సిగ్గు ఆయన్ను చాలా కాలం కుదురుగా ఉండనివ్వలేదని అమ్మ చెప్పేది. నిజాం పాలన పోగానే, ఇక మన పిల్లలు మన మాటలో చదవాలని ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, మా తాతగారి పశువుల కొట్టాన్ని బాగుచేసి, పై తరగతులు మొదలుపెట్టాడు. లెక్కలు, ఇంగ్లీషు తనే చెప్పేవాడు. తక్కినవి మా చిన్నాయన చెప్పేవాడు. ఇంటికింతని జొన్నలు వచ్చేవి, అదే జీతం. వానాకాలం వస్తే కప్పులోంచి తేళ్ళు రాలేవి, పాఠం మధ్యలో అందరం ఒక్కసారి కాళ్ళు పైకెత్తి, తేలు సంగతి చూసి, మళ్ళీ కాళ్ళు దించి పాఠం అందుకునేవాళ్ళం. రంగు కాగితంలో ఆ సౌకర్యం ఉన్నట్టు రాయలేదు.

బడి ఒక్కో తరగతీ పెరుగుతూ పదికి చేరిన ఏడాదే పైన రాష్ట్రాలు మారాయి. మా తాలూకా ఆదిలాబాదు జిల్లాలోంచి తెగి బొంబాయి రాష్ట్రంలో పడింది. కొన్నాళ్ళు నాందేడు అన్నారు, తర్వాత చాందా అన్నారు, చంద్రపూర్‌ను అప్పుడు అట్లాగే పిలిచేవాళ్ళం. మేము కూర్చున్న చోటే కూర్చున్నాం, మా గుట్టా మా వాగూ కదల్లేదు, జిల్లాలే మా మీదుగా నడిచిపోయాయి. మొదట్లో అదంతా మాకు వినోదంగానే ఉండేది.

వినోదం ఎక్కువ రోజులు నిలవలేదు. మెట్రిక్ పరీక్షకు కూర్చోవాలంటే బడికి సర్కారు గుర్తింపు ఉండాలి. మామ పాత జిల్లాకు పోతే, మీరిప్పుడు మా వాళ్ళు కాదు అన్నారు. కొత్త జిల్లాకు పోతే, అట్లాంటి బడి ఉన్నట్టు మా దగ్గర ఏమీ లేదు అన్నారు. ఎవరి తప్పూ లేదు, అందరూ కొత్తవాళ్ళే, అందరూ మర్యాదగానే చెప్పారు, కానీ చెప్పిన ప్రతిసారీ మామ ఇంటికి వచ్చి ఎవరో ఒకరి మీద గిన్నె విసిరేవాడు. ఆఖరికి కొత్త ఆఫీసులో ఒక పెద్దమనిషి దయతలచి, ఇన్‌స్పెక్టరు వచ్చి కళ్ళారా చూసి బడి ఉందని రాస్తే చాలు, పరీక్షకు పేర్లు పంపించే గడువులోగా వస్తాడు అన్నాడు. ఏ రోజు వస్తాడో మాత్రం చెప్పలేదు.

పదో తరగతిలో మేము ఐదుగురం. నలుగురు మగపిల్లలు, నేను. ఇన్‌స్పెక్టరు బడి లేదని రాస్తే ఆ నలుగురికీ ఒక ఏడాది పోతుంది, అంతే. రాజురాకో చాందాకో పోయి, ఎవరింటి వసారాలోనో పడుకుని, మళ్ళీ పదిలో చేరతారు. నాకు ఆ దారి లేదు. గుట్ట దిగి ఆడపిల్ల ఒంటరిగా ఉండి చదవడం మా నాన్నే కాదు, ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ఆ కొట్టంలో బడి నిలిస్తే నేను చదువుకున్నదాన్ని, నిలవకపోతే ఇంటి పనికి పోయేదాన్ని. పదహారేళ్ళ పిల్లకు ఇంతకంటే తేటగా ఏదీ తెలియనవసరం లేదు. ఆ నెలలో నేను సరిగా తిన్న గుర్తు లేదు.

ఎదురుచూడటం మొదలైంది. కొట్టాన్ని ఎర్రమన్నుతో అలికాం, గుమ్మానికి సున్నం వేశాం. ఎవరో నేర్పితే మరాఠీలో ఒక స్వాగత గీతం నేర్చుకున్నాం, దాని అర్థం సగమే తెలుసు గానీ గొంతులు బాగానే కలిశాయి. పొద్దున లేవగానే చిన్న తరగతుల వాడినొకడిని గుట్ట అంచున నిలబెట్టేవాళ్ళం, దుమ్ము లేస్తే అరవమని. దుమ్ము లేచేది, ఆవులు వచ్చేవి. మామ రోజూ ఉతికిన ధోవతి కట్టుకుని బడి ముందు అటూ ఇటూ తిరిగేవాడు, ఎవరైనా తుమ్మినా కసిరేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆయన నడక పెరిగింది, మాట తగ్గింది. గడువు దగ్గరపడింది.

ఇక్కడ మా గుట్ట అలవాటు ఒకటి చెప్పాలి. మా వారం అంగడితో మొదలై అంగడితో ముగిసేది. గడ్‌చాందూర్‌లో అంగడి, అంటే వారపు సంత, జరిగే రోజున ఊళ్ళో ముసలివాళ్ళు, పసివాళ్ళు తప్ప ఎవరూ మిగలరు. చీకటి ఉండగానే బండ్లు బాట పట్టేవి, తెల్లవారగానే మనుషులు అడ్డదారిన కాలిబాటలో దిగేవాళ్ళు. కందులు, నువ్వులు, మిరపకాయలు అమ్మి, ఉప్పు, గుడ్డలు, కిరసనాయిలు తెచ్చుకోవడం ఆ ఒక్కరోజే. పిల్లలు లేకపోతే మూటలు మోసేదెవరు, కుప్ప దగ్గర కాపలా కూర్చునేదెవరు? అందుకని మా బడికి సెలవు అంగడి రోజు. ఆదివారం బడి ఉండేది. మొదటినుంచీ అంతే. నిజాం కాలంలో ఆ వైపు కచేరీలు శుక్రవారం మూసేవారు, తర్వాత ఆదివారం అన్నారు, ఆ మార్పులేవీ మా గుట్ట ఎక్కలేదు. మామ కొత్త ఆఫీసుకు బడి గురించి అన్నీ రాసి ఇచ్చాడు, తరగతులెన్ని, పిల్లలెందరు, నల్లబల్లలెన్ని. సెలవు ఏ రోజో మాత్రం రాయలేదు. దాచాలని కాదు. అంగడి రోజు బడి ఉండదన్నది చెప్పాల్సిన సంగతి అని ఆయనకే కాదు, మా ఊళ్ళో ఎవరికీ తట్టలేదు.

మీరు ఊహించే ఉంటారు. ఇన్‌స్పెక్టరు జీపు మా గుట్ట ఎక్కింది సరిగ్గా అంగడి రోజునే. మేమంతా కాలిబాటన దిగుతుంటే, అటు పక్కన బండ్ల బాటన జీపు ఎక్కింది. ఒకరికొకరం కనబడలేదు. ఆయన వచ్చి చూస్తే బడి తలుపుకు గొళ్ళెం, ఊళ్ళో కోళ్ళు. గుమ్మం దగ్గర మా అమ్మమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. అమ్మమ్మకు జీవితంలో అబద్ధం ఆడాల్సిన అవసరం రాలేదు, అంచేత ఆ విద్య ఆమెకు పట్టుబడలేదు. బడి ఏదని అడిగితే, "ఇయ్యాల అంగడి గద బిడ్డా, బడెక్కడిది?" అన్నదట. మరి హెడ్‌మాస్టరు ఏడీ అంటే, "నా కొడుకేనాయె. నువ్వులు అమ్మవోయిండు. పొద్దుగూకినంక వస్తడు" అన్నదట. ఎక్కడ కూర్చుంటాడో, మిరపకాయల వరస దాటి ఎటు తిరగాలో కూడా వివరంగా చెప్పి, తాగమని చెంబెడు సల్ల పోసి, మళ్ళీ రమ్మని సాగనంపింది. ఆయనతో వచ్చిన చప్రాసీది రాజురా, వాడు ప్రతి మాటనూ మరాఠీలో చెప్పి పెట్టాడు.

మాకిదేమీ తెలియదు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు నేను అమ్మ వెనకాల మిరపకాయల కుప్ప దగ్గర కూర్చుని ఉన్నాను. మా ఇళ్ళల్లో ఈడొచ్చిన పిల్ల అంగడిలో తల్లి వీపు చాటున కూర్చోవాలి, బేరం తల్లి చేస్తుంది, పిల్ల నోరు విప్పకూడదు. నేను నోరు విప్పకుండానే ఎదుటి వరసలో మామను చూస్తున్నాను. మామ ముందు నువ్వుల కుప్ప. మూసిన మెడ కోటు, బూట్ల నిండా ఎర్ర దుమ్ము, నెత్తి మీద టోపీతో ఒకాయన వచ్చి నిలబడ్డాడు. వంగి గుప్పెడు నువ్వులు తీసి చూసి, నోట్లో వేసుకున్నాడు. మళ్ళీ ఇంకో గుప్పెడు తీశాడు. మామకు చిర్రెత్తింది.

"ఓ సేటూ, కొనేదుంటే కొను. బుక్కుతందుకు గాదు గిది" అని తెలుగులోనే కసిరాడు.

కోటాయనకు మాట తెలియకపోయినా గొంతు తెలిసింది. చేతిలోని నువ్వులు కుప్ప మీద తిరిగి పోసి, చేతులు దులుపుకుని, నెమ్మదిగా అన్నాడు.

"కాయ్ హో మాస్తర్, హీచ్ కా తుమ్చీ శాళా?"

ఇదేనా మీ బడి అని. మామ లేచి నిలబడటం నాకు కనబడింది. తర్వాత ఆయన మొహంలో రంగు పోవడం కనబడింది. ఎప్పుడూ ఎవరికీ తలవంచని మనిషి, వంగి దండం పెట్టాడు. ఇన్‌స్పెక్టరు అరవలేదు, ఆ మర్యాదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. కొండ మీద గొళ్ళెం పెట్టిన కొట్టం చూశాననీ, పనిరోజున హెడ్‌మాస్టరు దుకాణం పెట్టుకుని ఉన్నాడనీ, ఇట్లాంటి బళ్ళు చాలా చూశాననీ, గుర్తింపు రాగానే గ్రాంటు తీసుకుని మాయమవుతాయనీ హిందీలో అన్నాడు. చుట్టూ జనం మూగారు. అమ్మ వెనక్కి చెయ్యి పెట్టి నా మోకాలు పట్టుకుంది.

మామ అంగడి రోజు సెలవు సంగతి చెప్పబోయాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఎత్తి ఆపాడు. పిల్లలున్నారని ఎట్లా నమ్మను, వాళ్ళెక్కడ అన్నాడు.

మామ ఒక్క క్షణం చుట్టూ చూశాడు. తర్వాత పక్కనున్న ఖాళీ బండి మీదికి ఎక్కాడు. హాజరు పలకడం మొదలుపెట్టాడు. చేతిలో ఏమీ లేదు, ఏ పిల్లవాడు ఏ వరసలో కూర్చుంటాడో ఆ వరసలోనే, చిన్న తరగతి నుంచి, ఇంటిపేరుతో సహా, బడిలో పలికే గొంతుతోనే పలికాడు. అంగడి గోలలో మొదటి పేరుకు ఎవరూ పలకలేదు. మామ మళ్ళీ పిలిచాడు. అప్పుడు ఉప్పు బస్తాల వెనకనుంచి సన్నగా "హాజిర్ సాబ్!" అని వినబడింది. రెండో పేరుకు కుండల దగ్గరనుంచి. మూడోవాడు ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి పోయాడు, వాడి తమ్ముడు వాడి తరఫున హాజిర్ అనబోతే మామ బండి మీదినుంచే కసిరాడు, నీ పేరు వచ్చినప్పుడు పలుకు అని. జనం నవ్వారు. ఆ తర్వాత పేరు పిలవడమే ఆలస్యం, కందుల కుప్పల మధ్యనుంచి, బట్టల గుడారాల కిందనుంచి, మిఠాయి కొట్టు ముందునుంచి ఒక్కొక్కరు లేచి నిలబడుతున్నారు. లేచినవాళ్ళు కూర్చోలేదు. గోండు పిల్లవాడొకడు తేనె డబ్బా నెత్తిన పెట్టుకునే హాజిర్ అన్నాడు. అంగడి నెమ్మదిగా మాట ఆపేసింది.

ఇక నా వంతు దగ్గరపడింది. పదో తరగతి చివర్న వస్తుంది, పదో తరగతిలో నా పేరు ఆఖరుది. అంతమందిలో నేను లేచి అరవాలి. పక్క వరసలో మా నాన్న, ఆయన చుట్టూ మా కులం పెద్దలు. నాన్న ముందే తల అడ్డంగా ఊపుతున్నాడు, నా వైపు చూడకుండానే. నలుగురు మగపిల్లలూ పలికారు. మామ నా పేరు పిలిచాడు.

నేను పలకలేదు. అమ్మ వీపు చాటుకు ఇంకా జరిగాను. ఇన్‌స్పెక్టరు, ఆడపిల్ల కూడా ఉందా అన్నట్టు కనుబొమ్మలు ఎత్తాడు. మామ రెండోసారి పిలిచాడు, ఈసారి గొంతులో బడి లేదు, బతిమాలడం ఉంది. అప్పుడు ఎప్పుడూ నాన్న ముందు గట్టిగా మాట్లాడని మా అమ్మ పక్కకు జరిగింది. అంత పెద్ద అంగడికి నన్ను ఎదురుగా పెట్టి, "లేసి చెప్పు బిడ్డా. నీ పేరే గద పిలుస్తుండు" అంది.

లేచాను. "హాజిర్ సాబ్" అన్నాను. నేననుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది, ఎడ్ల అంగడి దాకా పోయి ఉంటుంది. నాన్న నేల చూశాడు.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు మమ్మల్ని ఐదుగురినీ ఎడ్ల అంగడి పక్కకు తీసుకుపోయి పరీక్షించాడు. నన్ను త్రిభుజం మూడు కోణాలూ కలిపితే రెండు లంబకోణాలని రుజువు చెయ్యమన్నాడు. ఎవరిదో ముల్లుకర్ర తీసుకుని దుమ్ములో గీశాను. ఆయన మరాఠీలో అడుగుతాడు, నేను మా అంగడి మరాఠీలో చెప్తాను. కోణానికి మరాఠీ మాట నాకు తెలియదు, ఇంటి మూలను వాళ్ళు కోప్రా అంటారు గనక అదే వాడాను. ఈ కోప్రా ఆ కోప్రా సమానం అంటూ పోతుంటే ఆయన మొదటిసారి నవ్వాడు. రుజువు పూర్తయింది. మా వెనక ఒక ఎద్దు కూడా అంతసేపూ కదలకుండా నిలబడింది, దానికి కూడా నా కృతజ్ఞతలు.

గండం గడిచిందనుకున్నాం. గండం అప్పుడే మొదలైంది. ఇన్‌స్పెక్టరు మామను పక్కకు పిలిచాడు, మేము వినేంత దూరంలోనే. బడి ఉందని రాస్తాను, అందులో నాకు అనుమానం లేదు అన్నాడు. ఏ భాష బడి అని రాయాలి అని అడిగాడు. తెలుగు అని రాస్తే కాయితం పైకి పోవాలి, మైనారిటీ భాష కింద సర్కారు ఒప్పుకోవాలి, ఒప్పుకోవచ్చు కూడా, కానీ ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాదో ఆ పై ఏడాదో. మరాఠీ అని రాస్తే ఆ సాయంత్రమే ఆయన సంతకం చేస్తాడు, ఈ ఐదుగురూ ఈసారే పరీక్షకు కూర్చుంటారు, మరాఠీలో రాయాలి. ఇంకొక మాట కూడా ఆయన దాచకుండా చెప్పాడు. మరాఠీ బడికి హెడ్‌మాస్టరు మరాఠీలో చదివినవాడై ఉండాలి. మామ చదువు ఉర్దూ.

మామ దుమ్ములో నేను గీసిన త్రిభుజాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయన కోపం నాకు తెలుసు, గిన్నెలు తెలుసు, ఆ నిలబడటం మాత్రం తెలియదు. కొట్టం, జొన్నలు, ఇన్నేళ్ళ తిరుగుడు, తన పేరు తాను తెలుగులో రాసుకోలేని సిగ్గు, అన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగి ఉండాలి. తెలుగు అని రాయించుకుని ఏడాది ఆగితే బడి ఆయనదే, ఆయన అనుకున్న బడే. మగపిల్లలు నలుగురూ ఆగగలరు. ఈడొచ్చిన ఆడపిల్లను మాత్రం ఆలోగా పెళ్ళి చేసి పంపేస్తారు. మామ తల తిప్పి నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. ముల్లుకర్ర ఇంకా నా చేతిలోనే ఉంది.

"మరాఠీ అనే రాయుండ్రి సాబ్" అన్నాడు.

ఆ మాటతో నాకు పట్టరాని సంతోషం కలిగింది. పదహారేళ్ళ సంతోషం, వెనకా ముందూ చూడనిది. గుట్ట ఎక్కుతూ దారంతా నేనే మాట్లాడాను, మామ మిగిలిన నువ్వుల మూట మోసుకుంటూ ముందు నడిచాడు. ఇంటికి రాగానే అమ్మమ్మ గొప్పగా ఎదురొచ్చింది. "ఎవలో పెద్దసారు వచ్చిండు కొడుకా. నీ సంగతి అంత మంచిగ చెప్పిన, సల్ల గూడ పోసిన" అంది. మామ మూట దించి, "మంచిపని జేసినవవ్వా" అని, కాళ్ళు కడుక్కోవడానికి బావి దగ్గరకు పోయి, చాలాసేపటి దాకా రాలేదు.

పరీక్ష దాకా ఉన్న ఆ కొద్ది నెలలూ ప్రాణం మీదికి వచ్చినట్టు చదివాం. చాందా వైపు నుంచి ఒక కొత్త మాస్టరు వచ్చాడు, మంచి మనిషి, నెమ్మదస్తుడు. హిందీ అక్షరాలు ముందే వచ్చు, మరాఠీకీ అవే గనక రాత కుదిరింది, మాటలు మాత్రం ఒక్కొక్కటీ కొత్తగా పట్టుకోవాలి. మాతో చదివిన గోండు పిల్లవాడు, నాకు తెలుగైనా మరాఠీ అయినా ఒకటే, రెండూ మా ఇంట్లో లేనివే అని నవ్వేవాడు, అందులో ఉన్న నిజం నాకు పెద్దయ్యాక తట్టింది. మామ బడికి రావడం మానలేదు. వెనక వరసలో, మాతోపాటే, పలక పట్టుకుని కూర్చునేవాడు. హెడ్‌మాస్టరు తన బడిలోనే విద్యార్థిగా కూర్చోవడం చూసి మొదట్లో మాకు నవ్వొచ్చింది, తర్వాత ఎవరమూ వెనక్కి తిరిగి చూడలేదు. ఎంత కష్టపడ్డా మరాఠీ మాట మధ్యలో ఆయన చేతికి ఉర్దూ అక్షరమే వచ్చేది, చిన్ననాటి అలవాటు. ఏడాది తిరిగేసరికి ఆయన పేరు బడి బోర్డు మీదినుంచి పోయింది.

నేను పాసయ్యాను. తర్వాత టీచరు ట్రైనింగు, చంద్రపూర్‌లో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్నీ ఆ అంగడిలో లేచి నిలబడ్డ కాళ్ళ మీదే జరిగాయి. మా నాన్న ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు గానీ, నా మొదటి జీతం నాటికి వచ్చినవాళ్ళందరికీ మా బిడ్డ చాందాల మాస్తరీణ్ అని తానే చెప్పుకున్నాడు.

బడికి ఆదివారం సెలవు వచ్చింది. అంగడి రోజు బడి తెరిచి ఉండేది గానీ, పిల్లలు సగం మంది ఎప్పటిలాగే గుట్ట దిగేవారు. మామ ప్రతి అంగడికీ తన నువ్వులతో అదే చోట కూర్చునేవాడు. కుప్ప వెనక బడి ఈడు పిల్లవాడెవడైనా కనబడితే చాలు, బేరం వదిలేసి లేచేవాడు. "ఏందిరా, ఇయ్యాల బడి లేదా? నడువు, గుట్టెక్కు" అని వాణ్ణి లేపి, బాట మొదలు దాకా తోలి, తిరిగి వచ్చి కూర్చునేవాడు. తనకు చోటు లేని బడికి, తనకు పట్టుబడని భాషకు, తను పెట్టని రోజున, ఊళ్ళో పిల్లల్ని తోలడం ఆయన పోయేదాకా మానలేదు.

ఇప్పుడు గడ్‌చాందూర్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, గుట్ట మీదికి డాంబరు రోడ్డు. కొట్టం ఉన్నచోట రెండంతస్తుల బడి, ఆడపిల్లలే ఎక్కువ కనబడతారు, సైకిళ్ళ మీద వస్తారు, గట్టిగా మాట్లాడతారు. చూస్తే కడుపు నిండుతుంది. మొన్నామధ్య పోయినప్పుడు బయట తెలుగులో పోట్లాడుకుంటున్న ఇద్దరు పిల్లల్ని ఆపి, మీ పేర్లు తెలుగులో రాసి చూపించండి అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తెలుగు రాస్తరా అవ్వా? మాట్లాడ్తరు గద" అంది అందులో చిన్నది, నాకేదో తెలియనట్టు.

మాట్లాడతారు, అది నిజమే. మా ఇంట్లోనూ అంతే. ముప్పై ఏళ్ళకు పైగా నేనే ఎందరో పిల్లల చేత మరాఠీ అక్షరాలు దిద్దించాను, వాళ్ళలో నా పిల్లలూ ఉన్నారు. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాస్తుంటే ఇల్లంతా తిరిగేవాళ్ళలో ఒక్కరు కూడా వంగి చదవలేదు, చదవలేరు. రాసినంత వరకు నేనే కూర్చోబెట్టి వినిపిస్తున్నాను. అమ్మమ్మ సల్ల దగ్గర నవ్వుతారు, హాజరు దగ్గర ఊపిరి బిగబడతారు. ఎడ్ల అంగడి పక్కన మామ తల తిప్పి నా వైపు చూసిన చోటికి వచ్చేసరికి నా కళ్ళద్దాలు మసకబారతాయి, కాగితం ఎవరికైనా ఇచ్చి తక్కినది మీరు చదవండి అందామని చూస్తాను. ఇవ్వడానికి ఎవరూ లేరు. కళ్ళద్దాలు తుడుచుకుని, నేనే చదువుతాను.